పలుకుబడి – 7: బాస తప్పిందెవరు?



ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని పోయిన ఆదివారం మాటిచ్చాను. అది పక్కన పెడుతున్నాను. ఆగస్టు 29న జరిగిన ఒక సంగతి గొంతులో ముల్లులా ఉండిపోయింది. అది తియ్యకుండా ఇంకోటి రాయలేను.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఒక కాలేజీలో డిగ్రీ పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టారు. కాలేజీ పేరు అనవసరం, ఎక్కడైనా జరిగేదే. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. ఒక అమ్మాయి లేచింది. మా చిలకలూరిపేట పక్క పల్లె. అమ్మానాన్నలు మిరపకోతలకీ పత్తి తీతలకీ పోతారు. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చేతిలో కాగితం లేకుండా ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. కూలికి పోయే ఆడవాళ్ళ నోట్లో ఎన్ని మాటలున్నాయో, అవి పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేవో అడిగింది. నేను మా క్లాసులో ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

చప్పట్లు మొదలవుతుండగా నా పక్కన కూర్చున్న పెద్దాయన మైకు తీసుకున్నాడు. "విషయం బాగుందమ్మా. కానీ బాస కాదు, భాష. సాస్త్రం కాదు, శాస్త్రం. ఏదీ, ఒకసారి అను?" ఆ పిల్ల "బాష" అంది. "భా... భా... ఒత్తి పలకాలి." మళ్ళీ "బాష" అంది. హాలు హాలంతా ఘొల్లుమంది.

నేను నవ్వలేదు. అంతకుమించి చేసిందీ ఏం లేదు. మార్కుల కాగితంలో "ఉచ్చారణ – 20" అని ఒక గడి ఉంది. అందులో 18 వేశాను. నా తిరుగుబాటు అంతవరకే. రాత్రి ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "సార్, నేను ఎడ్‌సెట్ రాయట్లేదు. టీచరు పని నా నోటికి రాదు." ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇప్పుడు నా సంగతి. నాది తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ. యూనివర్సిటీకి వెళ్ళాక నేను మొదట నేర్చుకున్న విద్య ఛందస్సు కాదు, ఒత్తులు. హాస్టల్ గదిలో తలుపేసుకుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఖ అన్నప్పుడు గాలి కొడుతుందా, థ అన్నప్పుడు కొడుతుందా అని చూసుకునేవాణ్ణి. శ, ష, స మూడూ మూడు చోట్ల నుంచి రావడానికి ఆరు నెలలు పట్టింది. సంక్రాంతికి ఇంటికొచ్చాను. మా అమ్మ సంతోషంగా "మీ పెద్దమ్మ కొడుక్కి సంబందం కుదిరింది" అంది. "సంబంధం అనాలమ్మా" అన్నాను. చేస్తున్న పని ఆపి నా వంక చూసింది. "ఏందయ్యా, నా నోరు గూడా నీకు బాగోలేదా?" అంది. ఆ పూట అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

మైకు పట్టుకున్న పెద్దాయన మీద నాకు కోపం ఉంది. కానీ ఆ పని ఆయనకంటే ముందు నేను చేశాను, మా వంటింట్లో. అందుకే దీన్ని ఒక మనిషి దురుసుతనంగా తీసిపారేయలేను. ఇది చదువు పేరుతో మన చేత చేయించే పని.

సరే, వ్యాకరణం మాట్లాడదాం. వాళ్ళ దేవుడి గుళ్ళోకే వెళ్దాం.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం తెరవండి. మొదటి పేజీయే చాలు. సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకి 36 అని లెక్క చెప్తాడు. ఆ 36లో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ ఒక్కటీ లేదు. శ, ష లేవు. ఇవన్నీ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల వెంట వచ్చి తెలుగులో వాడుకవుతున్నాయని ఆయనే విడిగా చెప్పాడు. అంటే ఒత్తులు మన ఇంటికి వచ్చిన చుట్టాలు. ఇంటిమనుషులు కారు. ఇది చెప్పింది నేనో అంబేడ్కరో కాదు, గ్రాంథిక భాషకు గోడ కట్టిన మనిషి.

అదే పుస్తకంలో తద్భవాలున్నాయి. సంస్కృతం మాట తెలుగు నోట్లో పడి అరిగి మారితే దానికి తద్భవం అని గౌరవమైన పేరు. భక్తి బత్తి అయింది. లక్ష్మి లచ్చి అయింది. శ్రీ సిరి అయింది. రాత్రి రాతిరి అయింది. భాష? బాస అయింది! ఏ నిఘంటువైనా తీసి చూడండి. మాట ఇవ్వడాన్ని "బాస చేయడం" అనేది ఈ బాసతోనే. పద్యంలో కవి "బత్తి" అంటే తద్భవ ప్రయోగం, ఎంత తీయదనం! పల్లె పిల్ల "బాస" అంటే ఉచ్చారణ దోషం. జరిగిన ధ్వని మార్పు ఒక్కటే, భ పోయి బ వచ్చింది, ష పోయి స వచ్చింది. మారింది నోరు. ఆ నోరు ఏ వాడలో పుట్టిందన్నదే ఇక్కడ వ్యాకరణం.

ఇంకోటి చెప్తాను, మీరే గమనించండి. ఆ రోజు ఆ పెద్దాయన మాట్లాడిన పది నిమిషాల్లో "కధ" అన్నాడు. అది కథ. "అర్ధమైందా" అన్నాడు. అర్థం వేరు, అర్ధం అంటే సగం. "సంధర్భం" అన్నాడు. సందర్భంలో ఆ ద కి ఒత్తే లేదు. ఫలితాన్ని ఇంగ్లిషు ఫ్యాను ఫ తో పలికాడు. ఆయన ఒక్కడే కాదు, చదువుకున్న తెలుగువాళ్ళలో చాలామంది అంతే. టీవీలో అంతే, అసెంబ్లీలో అంతే. ఎవరైనా నవ్వారా? ఉండాల్సిన ఒత్తు తీసేస్తే మోటు. లేని ఒత్తు తగిలిస్తే పాండిత్యం.

అసలు తెలుగే తన ఒంట్లోంచి ఎన్ని ధ్వనులు రాల్చుకుంటూ వచ్చిందో చూడండి. క్రొత్త, ప్రొద్దు, క్రింద, మ్రాను. ఇవాళ ఎవరు పలుకుతున్నారు ఆ ర ని? కొత్త, పొద్దు, కింద, మాను అనే అంటున్నాం, పురోహితులతో సహా. తమిళులకు ఇప్పటికీ ఉన్న ఴ అనే హల్లు మన పాత శాసనాల్లోనూ ఉంది. అది పోయి వాళ్ళ కోఴి మన కోడి అయింది, వాళ్ళ ఏఴు మన ఏడు అయింది. బండి ఱ ర లో కలిసిపోయింది. చెఱువు, చెరువు ఒకేలా పలుకుతున్నాం, ఏ చెరువూ ఎండిపోలేదు.

ఈ చెరువు దగ్గర కొంచెం ఆగాలి. కన్నడంలో చెరువుని "కెరె" అంటారు. చెవిని "కివి" అంటారు. చెడుని "కెడు" అంటారు. చెయ్యి వాళ్ళకి "కై". ఈ మాటల మొదట్లో ఉన్న పాత ధ్వని క. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు నాలుక ముందుకి జారి తెలుగులో ఆ క చ అయిపోయింది. కన్నడం కదలకుండా ఉంది. అంటే చెవి, చెరువు, చెయ్యి, చెడు అన్న ప్రతివాడూ ఒకప్పటి లెక్కన "తప్పు" పలుకుతున్నవాడే. ఎవడో ఒకడు మొదట "చెవి" అన్నప్పుడు పక్కనున్న పెద్దమనిషి "కెవి అనరా" అని మొట్టికాయ వేసే ఉంటాడు.

తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని భాషా దినోత్సవాల్లో ఎన్నిసార్లు వింటాం! ఆ మాట అనేవాళ్ళకి ఇటాలియన్ ఎట్లా పుట్టిందో ఎవరూ చెప్పినట్టు లేదు. లాటిన్‌లో నూరుని "కెంతుమ్" అనేవాళ్ళు. మనం సిసిరో అనే మహావక్త తన పేరుని "కికెరో" అని పలికేవాడు. అక్కడా మనకు జరిగిందే జరిగింది, ఎ, ఇ ల ముందు క మెత్తబడింది. ఇటలీలో నూరు "చెంతో" అయింది. ఫ్రాన్సులో స తో మొదలయ్యే ముక్కు మాట అయింది. స్పెయిన్‌లో "థియెంతో", స్పెయిన్ దక్షిణాన చాలాచోట్లా దక్షిణ అమెరికాలోనూ "సియెంతో". సార్డీనియా అనే దీవిలో మాత్రం ఇప్పటికీ "కెంతు" అంటారు, మన పక్కన కన్నడం ఉన్నట్టు. మాడ్రిడ్ థ పెద్దరికం మాట, దక్షిణాది వాళ్ళ స మోటు అన్న రోజులున్నాయి. ఓడలెక్కి అమెరికా పోయింది ఆ మోటు స యే. ఇవాళ స్పానిష్ మాట్లాడేవాళ్ళలో పెద్ద సంఖ్య స వాళ్ళదే.

లాటిన్ రోజుల్లో కూడా ఒక పంతులుగారున్నాడు. పేరు తెలియదు గానీ, ఆయన రాసిన పట్టిక మిగిలింది. "అప్పెండిక్స్ ప్రోబి" అంటారు. ఇట్లా అనాలి, అట్లా అనకూడదు అని రెండు వందల పైచిలుకు మాటలు. చెవికి లాటిన్‌లో మర్యాదగల మాట "ఔరిస్". జనం "ఒరిక్ల" అంటున్నారు. అది తప్పని పంతులుగారు రాశాడు. ఆ ఒరిక్లే ఇటాలియన్‌లో ఒరెక్కియో అయింది, స్పానిష్‌లో ఒరేహా, ఫ్రెంచిలో దాదాపు మనవాళ్ళు పిలిచినట్టే "ఒరేయ్". ఔరిస్ ఏ నోట్లోనూ మిగల్లేదు. పంతులుగారి పట్టికలో కుడివైపున్న తప్పుల్లోంచి భాషలు పుట్టాయి. ఇవాళ పండితులు ఆ పట్టిక చదివేది ఒప్పుల కోసం కాదు, ఆ కాలపు కూలివాళ్ళూ సిపాయిలూ ఎట్లా మాట్లాడేవాళ్ళో తెలుసుకోవడానికి.

ఇంకో దారిలో రండి. లాటిన్ "సెప్తెమ్" ఇటాలియన్‌లో "సెత్తె". సంస్కృతం "సప్త" ప్రాకృతంలో "సత్త". లాటిన్ "నోక్తెమ్" అక్కడ "నొత్తె". మన "భక్తి" ఇక్కడ "బత్తి". ధర్మ అన్నమాట పాలీలో ధమ్మ. జంట హల్లుల్లో ఒకటి రెండోదాన్ని తనలో కలుపుకోవడం. ఖండాలు వేరు, నోళ్ళు మనుషులవే. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో లక్షలమందితో పట్టించింది ఈ "తప్పు పలికిన" మాటనే.

మా పల్నాడుకే వద్దాం. మాచర్ల పక్కన నాగార్జునకొండ. 1700 ఏళ్ళ కిందటి ఇక్ష్వాకు రాజుల ఊరు. అక్కడి బౌద్ధ శాసనాలు ఎక్కువ ప్రాకృతంలో ఉన్నాయి. వాసిష్ఠీపుత్ర అన్న రాజు బిరుదు అందులో "వాసిఠిపుత". మహాచైత్యానికి దానం చేసిన రాజు చెల్లెలి పేరు "చాంతిసిరి". శ్రీ కాదు, సిరి. ఆ రాతి మీద సిరి అని చెక్కించుకున్న ఆమెని ఎవరూ స్టేజీ మీద నిలబెట్టి "శ్రీ అనమ్మా" అనలేదు. పల్నాటి రాతికి తప్పు కానిది పల్నాటి పిల్లకి ఎట్లా తప్పయింది?

మన చర్చి ఇళ్ళలో పెరిగిన పిల్లలకి ఇంకో కథ గుర్తుండాలి. న్యాయాధిపతులు 12వ అధ్యాయం. యొర్దాను రేవుల దగ్గర గిలాదువాళ్ళు కాపలా కాశారు. పారిపోయి వస్తున్న ఎఫ్రాయిమువాళ్ళని ఒక్క మాట పలకమన్నారు. షిబ్బోలెతు. వాళ్ళకి ష రాదు, సిబ్బోలెతు అన్నారు. అన్నవాణ్ణి అన్నట్టే నరికారు. 42 వేలమంది అని రాసి ఉంది. సండే స్కూల్లో ఈ అధ్యాయం చెప్పిన టీచరమ్మే ష బదులు స అనేది. ఎవరి వైపు నిలబడి చదవాలో అప్పుడు మాకు తట్టలేదు.

1937 అక్టోబరులో డొమినికన్ రిపబ్లిక్ నియంత త్రుహీయో సైన్యం సరిహద్దులో వేలమంది హైతీ నల్లవాళ్ళని చంపింది. అక్కడా ఇదే పరీక్ష పెట్టారని చెప్పుకుంటారు. కొత్తిమీర లాంటి ఒక ఆకు కట్ట చూపించి పేరు చెప్పమనేవాళ్ళట. స్పానిష్‌లో "పెరెహీల్". ఆ ర నాలుక తిరగనివాడు హైతీవాడు. ఆ ఊచకోతకి పార్స్‌లీ ఆకు పేరే నిలిచిపోయింది.

మైకు పట్టుకున్న పెద్దమనిషి కత్తి పట్టుకున్నాడని నేనడం లేదు. వరస ఒకటేనంటున్నాను. నోరు తెరిపించి, ఎక్కడివాడివో కనిపెట్టి, రేవు దాటనివ్వకపోవడం. మన రేవు ఎడ్‌సెట్, డీఎస్సీ డెమో, లెక్చరర్ ఇంటర్వ్యూ.

హత్యల సంగతి వచ్చింది కాబట్టి చుండూరు గురించి ఒక మాట. 1991 ఆగస్టు 6న దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన ఊరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఊరి పేరుని ఇంగ్లిషులో టీ ఎస్ పెట్టి రాస్తారు. ఎందుకంటే అది చంద్రుడిలోని చ కాదు. చుక్క, చలి, చాపలోని చ. పళ్ళ దగ్గర పలికేది. పాత పుస్తకాల్లో దానికి విడిగా గుర్తు పెట్టి ౘ అని రాసేవాళ్ళు. అదీ అచ్చ తెలుగు ధ్వని, చిన్నయసూరి చెప్పిన 36లోది. ఇవాళ టీవీ యాంకర్లకి ఆ ధ్వని రాదు, చాపని చంద్రుడి చ తో పలుకుతారు. మా అమ్మకి వస్తుంది. అయితే ఉచ్చారణ మార్కుల గడిలో ౘ కి మార్కులుండవు. సంస్కృతం నుంచి వచ్చిన భ పోతే భాష చచ్చిపోతుంది, తెలుగుది పోతే ఎవడికీ పట్టదు. దీన్ని భాషాభిమానం అంటారా?

గిడుగు సంగతి తేల్చాలి కదా, ఆయన పుట్టినరోజునే ఇదంతా జరిగింది మరి. గిడుగు అంటే నాకు గౌరవం. సవరల మధ్య తిరిగి, వాళ్ళ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి. జయంతి రామయ్య పంతులు లాంటి వాళ్ళతో కొట్లాడి వాడుక భాషని నిలబెట్టాడు. కానీ గెలిచిన ఆ భాష పేరు చూడండి: శిష్ట వ్యావహారికం. ఆ "శిష్ట" ఎవరు? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళు. ఆ రోజుల్లో చదువు ఎవరికుందో మీకు చెప్పనక్కర్లేదు. నవ్వొచ్చే సంగతేంటంటే 2022 ఏప్రిల్ దాకా మాదీ గుంటూరు జిల్లాయే. ప్రమాణ భాష మా జిల్లాదే, మా పల్లెది మాత్రం కాదు. మధ్యలో ఒక్క డొంక అడ్డం.

తెలంగాణ మిత్రులు తమ యాస కోసం కొట్లాడారు. సినిమాల్లో ఆ యాసని విలన్‌కీ పనివాడికీ పెట్టి నవ్వించినన్నాళ్ళు నవ్వించారు. 2014లో రాష్ట్రం వచ్చింది, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 వాళ్ళకి భాషా దినోత్సవం అయింది. ప్రాంతం యాసకి మర్యాద దొరకడం నేను కళ్ళారా చూశాను. కులం యాసకి ఏ రాష్ట్రం వస్తుంది?

ఇక్కడ కొందరు మనవాళ్ళే ఒక మాట అంటారు. "అన్నా, ఎందుకీ గొడవ, మనమే వాళ్ళకంటే శుద్ధంగా మాట్లాడి చూపిద్దాం." చూపించాం కదా. 1895లో మా జిల్లా వినుకొండలో పుట్టిన జాషువా కంటే శుద్ధంగా పద్యం ఎవరు రాశారు? ఒక్క ఒత్తు తప్పలేదు, ఒక్క యతి తప్పలేదు. అయినా సభల్లో ఆయన పద్యం కంటే ముందు కులం అడిగారు. ఒత్తులు నేర్చుకుంటే తలుపు తెరుచుకుంటుందని నమ్మి అద్దం ముందు నిలబడ్డవాణ్ణి నేను. లెక్చరర్ ఇంటర్వ్యూలో నా ఉచ్చారణ విని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆ వెంటనే "మీది ఏ ఊరు? ఊళ్ళో ఎక్కడ?" అన్నాడు. ఆ రెండో ప్రశ్నకి ఏ ఒత్తూ అడ్డం రాదు.

ఇంకొందరు, ఇంగ్లిషు చదివితే ఈ పీడ వదులుతుందంటారు. ఇంగ్లిషు మన పిల్లలకి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఈ పీడ మాత్రం వదలదు. అక్కడ "ఇస్కూలు" అన్నవాణ్ణి చూసి నవ్వుతారు.

"అయితే రాతలో ఒత్తులు నేర్పొద్దంటారా సార్?" అని నా విద్యార్థులే అడిగారు. నేర్పాలి. నేను నేర్పుతాను, తప్పు రాస్తే మార్కులు కోస్తాను. రాత అందరూ కలిసి ఒప్పుకున్న ఏర్పాటు. అర్థం అని ఒకడూ అర్ధం అని ఇంకొకడూ రాస్తే చదివేవాడికి ఇబ్బంది. ఫ్రెంచివాళ్ళు పలకని అక్షరాలు సగం రాస్తారు, రాతకీ నోటికీ మధ్య అంత దూరం పెట్టుకునే బతుకుతున్నారు. వాళ్ళ దగ్గర ఇంకో సంగతి కూడా జరిగింది. రాజు అన్న మాటని దర్బారు మర్యాదలో "ర్వే" అనేవాళ్ళు. పారిస్ వీధిజనం "ర్వా" అనేవాళ్ళు, అది మోటు. 1789 విప్లవం తర్వాత ర్వే పోయింది. ఇవాళ ఫ్రాన్సులో బడిపిల్లలు నేర్చుకునే ఒప్పు ఉచ్చారణ ఆ వీధివాళ్ళదే.

కాబట్టి నేను అడిగేది చిన్న విషయం. వక్తృత్వ పోటీల కాగితాల్లో, డెమో క్లాసుల కాగితాల్లో ఆ "ఉచ్చారణ" గడి కొట్టెయ్యండి. వినేవాళ్ళకి అర్థమైందా లేదా అని అడగండి, దానికి మార్కులెయ్యండి. ఆ రోజు హాల్లో ఆ అమ్మాయి చెప్పింది అర్థం కానివాడు ఒక్కడూ లేడు. అర్థం కాకపోతే ఎట్లా సరిదిద్దారు? లెక్చరర్లుగా ఉన్న మిత్రులు మీ కాలేజీల్లో ఈ మాట పెట్టండి. విద్యార్థి సంఘాల వాళ్ళు ప్రిన్సిపాళ్ళకి కాగితం రాసివ్వండి. నమూనా నేను రాసి పెడతాను. మా కాలేజీలో నిన్ననే ఇచ్చాను. "చూద్దాం" అన్నారు.

ఎడ్‌సెట్‌కి ఇంకా చాలా టైముంది. రేపు ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళ పల్లెకి వెళ్తున్నాను. పేట నుంచి ఆటోలో అరగంట. ఆ రోజు నేను మైకు లాక్కోవాల్సింది, లాక్కోలేదు. ముందు ఆ మాట చెప్పాలి. సంగతంతా విని మా అమ్మ కూడా వస్తానంది. "నువ్వేం చెప్పమాకయ్యా, నేను మాట్టాడతాలే ఆ పిల్లతో" అంది.

రోస్టర్ సంగతి వచ్చే వారం.

జై భీమ్.